తెగిన చోట కాదు, అతికిన చోట చూడండి

అమ్మకి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక 25 సిట్టింగులు రేడియేషన్ ఇవ్వాలన్నారు. ఆరో రోజో ఏడో రోజో, లోపలి నుంచి పిలుపు కోసం కూర్చున్నప్పుడు నా వైపు తిరిగి అడిగింది: "ఏరా, ఈ కరెంటు ఒంట్లో ఎన్నాళ్ళుంటుంది?"

"అస్సలు ఉండదమ్మా. లైటు ఆర్పేస్తే గదిలో వెలుతురు మిగులుతుందా? ఇదీ అంతే," అన్నాను.

"అయితే సరే," అని లోపలికెళ్ళింది. నేను మాత్రం ఆ కుర్చీలోనే కూర్చుని నా జవాబు మీద నేనే అనుమానపడ్డాను. చెప్పింది అబద్ధం కాదు. బయటి మిషన్ నుంచి వచ్చే ఎక్స్-రేలు ఒంట్లో నిలవుండవు, పక్కన కూర్చున్న వాళ్ళకి అంటవు కూడా. కానీ లైటు ఆర్పినంత మాత్రాన, ఆ వెలుతురుకి వెలిసిపోయిన బట్టకి రంగు తిరిగి రాదు కదా. అమ్మ అడిగింది బట్ట సంగతి. నేను లైటు సంగతి చెప్పి తప్పించుకున్నాను.

ఆ తర్వాత ఈ విషయం మీద దొరికిందల్లా చదివాను. నేను డాక్టర్ని కాను, ల్యాబులో పనిచేసేవాణ్ణీ కాను. చదివే కొద్దీ నాకు అనిపించిందేమిటంటే, రేడియేషన్ గురించి గట్టిగా మాట్లాడే రెండు వర్గాలూ ఒకే ప్రశ్న పట్టుకుని కొట్టుకుంటున్నాయి. "చుక్క తగిలినా విషమే, ఒంట్లో పోగవుతూనే ఉంటుంది" అని ఒకరు. "డీఎన్ఏ తన్ను తాను బాగుచేసుకుంటుంది, కాస్త తగిలితే మంచిదే" అని ఇంకొకరు. దెబ్బ మిగిలిందా, మానిందా అన్నదే ఇద్దరి గొడవానూ. నాకు అర్థమైనంతలో అసలు చిక్కంతా మానిన దెబ్బలోనే ఉంది. కణం పని అయిపోయిందనుకుని వదిలేసిన అతుకు ఎలా పడిందో, ముప్పయ్యేళ్ళ తర్వాత జరిగేదానికి అదే మొదలు.

ముందు దెబ్బ ఎంతదో చూద్దాం. రేడియేషన్ మోతాదుని గ్రేలలో కొలుస్తారు. కిలో బరువుకి ఒక జౌలు శక్తి అందితే అది ఒక గ్రే. ఒళ్ళంతటికీ ఒక్కసారిగా 4 గ్రేలు తగిలితే, వైద్యం అందని పక్షంలో సుమారు సగం మంది బతకరు. ఆ 4 గ్రేలకి ఒంటి వేడి పెరిగేది ఎంతో తెలుసా? డిగ్రీలో వెయ్యో వంతు. ఇంట్లో ఉండే ఏ థర్మామీటరుకీ అందదు. అంత కొంచెం శక్తి మనిషి ప్రాణం తీస్తోందంటే, అది ఎంత పడిందన్నదాని కంటే ఎక్కడ పడిందన్నది ముఖ్యమన్నమాట.

పడేది డీఎన్ఏ మీద. ఒక గ్రే ఎక్స్-రే తగిలిన కణంలో సుమారు వెయ్యి ఒంటి కోతలు పడతాయి, అంటే మెలితిరిగిన రెండు పోగుల్లో ఒకటి తెగుతుంది. 35, 40 చోట్ల రెండు పోగులూ దగ్గరదగ్గరగా తెగిపోతాయి. వీటిని జంట కోతలందాం. ఇందులో ఎక్కువ భాగం కిరణం స్వయంగా చేసేది కూడా కాదు. కణంలో ఎక్కువగా ఉండేది నీళ్ళే కాబట్టి ముందు నీటి అణువు పగులుతుంది, అందులోంచి పుట్టిన హైడ్రాక్సిల్ రాడికల్ అనే చురుకైన ముక్క వెళ్ళి డీఎన్ఏని కొరుకుతుంది.

ఇక్కడే రెండో వర్గం వాళ్ళు ఒక లెక్క పట్టుకొస్తారు. ఏ రేడియేషనూ తగలకపోయినా, ఊపిరి తీసుకుని బతుకుతున్నందుకే ప్రతి కణంలోనూ డీఎన్ఏకి రోజుకి పదివేలకు పైగా దెబ్బలు తగులుతుంటాయి. నిజమే. డీఎన్ఏ మనం అనుకున్నంత గట్టి సరుకు కాదని 1970లలో తేల్చిన టోమస్ లిండాల్‌కీ, ఆయనతోపాటు మరమ్మతు పద్ధతులు విప్పి చెప్పిన పాల్ మోడ్రిచ్, అజీజ్ సంజార్‌లకీ 2015లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. రోజుకి పదివేలు దిద్దుకునే ఒంటికి ఒక స్కాన్ వల్ల పడే నాలుగు దెబ్బలు లెక్కా అని వీళ్ళ వాదన.

లెక్క సరే, పోలికే కుదరదు. ఆ పదివేలూ దాదాపుగా చెల్లాచెదురుగా, ఒక్క పోగు మీదే పడే దెబ్బలు. ఒక పోగు మీద అక్షరం (డీఎన్ఏ రాతలోని ఒక్కో రసాయన ముక్కని అలా అందాం) చెడితే ఎదురుగా ఉన్న పోగు మీద దాని జత అక్షరం ఉంటుంది, చూసి రాసుకోవచ్చు. రేడియేషన్ దెబ్బలు గుంపుగా పడతాయి. కిరణం ఊడగొట్టిన ఎలక్ట్రాన్ తన దారి చివరికొచ్చేసరికి శక్తినంతా ఒకే చోట కక్కుతుంది. కొద్ది నానోమీటర్ల మేరలోనే రెండు, మూడు, నాలుగు దెబ్బలు. రెండు పోగులూ అక్కడే తెగి, పక్కనున్న అక్షరాలు కూడా చెడితే, చూసి రాసుకుందామంటే ప్రతి లేదు. పుస్తకంలో పదివేల అచ్చుతప్పులు దిద్దడం ఒక రకం పని. చిరిగిపోయిన పేజీని, అంచులు కూడా నలిగిపోయాక, అతికించడం ఇంకో రకం పని.

అతికించే పని మొదలయ్యేది మాత్రం ఆశ్చర్యపోయేంత వేగంగా. జంట కోత పడిన నిమిషాల్లోనే ఏటీఎం అనే ప్రోటీను మేలుకుంటుంది (డబ్బుల మిషన్ కాదు లెండి). కోతకి అటూ ఇటూ ఉన్న హిస్టోన్ల మీద, అంటే డీఎన్ఏ చుట్టుకుని ఉండే ప్రోటీన్ల మీద, గుర్తులు పెడుతుంది. ఆ గుర్తులకి రంగు అంటించి మైక్రోస్కోపులో చూసే పద్ధతి 1998 తర్వాత వచ్చింది. ఒక్కో కోత దగ్గర ఒక్కో చుక్క మెరుస్తుంది, కూర్చుని లెక్కపెట్టుకోవచ్చు. ఎన్ని చుక్కలు పుట్టాయి, ఎన్ని గంటల్లో ఎన్ని ఆరిపోయాయి అన్నదే ఈ రంగంలో మరమ్మతుకి కొలత. సగం దాకా ఒకటి రెండు గంటల్లో ఆరిపోతాయి. మిగతావి నెమ్మదిగా, రోజంతా. మొండివి కొన్ని మిగులుతాయి.

చుక్క ఆరిపోయిందంటే అతుకు పడిందని అర్థం. సరిగ్గా పడిందని కాదు. నా వాదనంతా ఈ రెండు వాక్యాల మధ్యే ఉంది కాబట్టి ఇక్కడ కాస్త నిదానిస్తాను.

జంట కోతని అతికించడానికి కణం దగ్గర ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి పద్ధతిగా చేసేది. కణం విడిపోయే ముందు డీఎన్ఏకి నకలు తీసుకుంటుంది కదా, ఆ నకలు పక్కనే ఉన్నప్పుడు దాన్ని చూసి, తెగిన చోట పోయిన అక్షరాలు తిరిగి రాసుకుంటుంది. రొమ్ము క్యాన్సర్ ఇళ్ళలో తరచూ వినిపించే బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువుల పని ఇదే. కానీ నకలు ఉండేది కణం విభజనకి సిద్ధమయ్యే కాసేపే. పెద్దవాళ్ళ ఒంట్లో ఎక్కువ కణాలు ఎప్పుడోగానీ విడిపోవు, కొన్ని అసలే విడిపోవు. వాటికి మిగిలేది రెండో దారి: తెగిన రెండు కొసలూ పట్టుకుని, నలిగిన అంచులు కత్తిరించి, ముడేసెయ్యడం. కూ అనే ఒక ప్రోటీను జంట ఉంగరంలా కొస చుట్టూ తొడుక్కుంటుంది, లైగేజ్-4 అనే ఇంకో ప్రోటీను చివరి ముడి వేస్తుంది. పని త్వరగా అయిపోతుంది. ఒకటి రెండు అక్షరాలు పోవచ్చు. మన డీఎన్ఏలో ప్రోటీన్లకి సూచనలున్న భాగం 2 శాతం కూడా లేదు గనుక చాలాసార్లు ఆ నష్టం ఎవరికీ కనిపించదు.

అసలు ప్రమాదం ఒకేసారి చాలా కోతలు పడినప్పుడు వస్తుంది. ముడేసేవాడికి ఏ కొస ఏ కొసదో తెలియదు. దగ్గర్లో ఏది దొరికితే దాంతో ముడేస్తాడు. ఒక క్రోమోజోము ముక్క ఇంకో క్రోమోజోముకి అతుక్కుంటుంది. ఆ తారుమారులో కొన్ని క్రోమోజోములకి రెండు నడుములొస్తాయి (కణం విడిపోయేటప్పుడు క్రోమోజోముని పట్టుకుని లాగేది ఆ నడుము దగ్గరే). అలాంటి కణం విడిపోవడానికి ప్రయత్నిస్తే రెండు వైపులా లాగబడి తరచూ చచ్చిపోతుంది కాబట్టి అవి ఏళ్ళ మీద తగ్గిపోతాయి. ఇంకొన్ని తారుమార్లు మాత్రం పొందికగా ఉంటాయి. ముక్కలు చోట్లు మార్చుకున్నాయి, ఏదీ పోలేదు, కణానికి ఏ ఇబ్బందీ లేదు. విడిపోయినప్పుడల్లా ఆ తప్పుని శుభ్రంగా నకలు తీసి పిల్లకణాలకి అప్పజెబుతుంది. హిరోషిమా, నాగసాకిల్లో బాంబు నుంచి బతికి బయటపడ్డవాళ్ళ రక్తకణాల్లో 1945 నాటి ఆ తారుమార్లు దశాబ్దాల తర్వాత కూడా కనిపించాయి. వాటిని లెక్కపెట్టి ఎవరికి ఎంత మోతాదు తగిలిందో వెనక్కి అంచనా వేశారు. (పంటి ఎనామిల్‌లో కూడా అలాంటి లెక్క దొరుకుతుంది. ఊడిన పళ్ళు తీసుకుని కొలిచారు.)

"ఒంట్లో ఎన్నాళ్ళుంటుంది" అన్న ప్రశ్నకి ఇదీ జవాబు. కిరణం క్షణంలో వెళ్ళిపోతుంది. కోత రోజులో మానుతుంది. తప్పుగా మానిన చోటు మాత్రం ఆ మనిషితోనే ఉంటుంది.

అమ్మ సిట్టింగుల వెనకున్నది కూడా ఈ మరమ్మతే. రోజుకి 2 గ్రేల చొప్పున 25 రోజులు, మొత్తం 50 గ్రేలు, ఆ ఒక్క చోట. ఒక్కసారే ఇచ్చెయ్యొచ్చుగా అని అడిగితే టెక్నీషియన్ నవ్వి, "చర్మం ఉండదండి" అన్నాడు. 1920లలో పారిస్‌లో క్లాడ్ రెగో అనే శాస్త్రవేత్త, పొట్టేళ్ళ వృషణాల్లో వీర్యం పుట్టకుండా చేసే ప్రయోగాల్లో చూపించిందీ ఇదే. ఒకే విడతలో ఇస్తే పైచర్మం కాలిపోతుంది తప్ప లోపల అనుకున్న పని పూర్తవదు, విడతలుగా ఇస్తే పని అవుతుంది, చర్మమూ దక్కుతుంది. రెండు విడతల మధ్య దొరికే గంటల్లో ఆరోగ్యంగా ఉన్న కణం తన కోతలు సర్దుకుంటుంది. చాలా క్యాన్సర్ కణాలు మరమ్మతులో మొద్దులు, అంత బాగా సర్దుకోలేవు. ఆ తేడాయే రోజూ కొంచెం కొంచెం పోగై వైద్యమవుతుంది. మరి శని, ఆదివారాలు ఎందుకు ఆపుతారు, అది కూడా మరమ్మతు కోసమేనా అని చాలా గంభీరంగా అడిగాను. సిబ్బందికి సెలవండి, అన్నాడు.

ఈ మరమ్మతు అందరిలో ఒకేలా ఉండదు. ఏటీఎం జన్యువు రెండు ప్రతులూ చెడి పుట్టిన పిల్లలకి వచ్చే జబ్బుని అటాక్సియా టెలాంజియెక్టేసియా అంటారు. జన్యువు దొరికింది 1995లో. వాళ్ళకి క్యాన్సర్ వస్తే మామూలు మోతాదు రేడియేషనే ప్రాణం మీదికి తెస్తుంది. ఇది చాలా అరుదు. కానీ అరుదైన ఈ పిల్లలే మనకి ఒక సంగతి చెప్పారు: సురక్షితమైన మోతాదు అనేది మిషన్ మీద రాసుండే అంకె ఒక్కటే కాదు, తీసుకునే ఒంటి మరమ్మతు మీద కూడా ఆధారపడుతుంది.

ఇప్పుడు చిన్న మోతాదుల గొడవ. ఇక్కడ "చిన్న" అన్న మాటే మోసం చేస్తుంది. గ్రేకి 35 జంట కోతలంటే, అందులో వెయ్యో వంతైన మిల్లీగ్రేకి 0.035. కణంలో కోత వందో వంతో, ముప్పయ్యో వంతో పడదు. పడితే పూర్తిగా పడుతుంది, లేదంటే లేదు. కాబట్టి ఒక మిల్లీగ్రే అంటే దాదాపు ముప్పై కణాల్లో ఒకదానికి ఒక జంట కోత. మిగతా ఇరవైతొమ్మిదికీ ఏమీ కాలేదు. మోతాదు తగ్గిస్తే కోత చిన్నది కాదు, కోత పడే కణాలు తగ్గుతాయి. లాటరీలో టికెట్లు తగ్గినట్టు. చిన్న మోతాదుకి చిన్న ప్రమాదం, సున్నాకే సున్నా అనే పాత సిద్ధాంతానికి బలం ఇక్కడే ఉంది. దాన్ని వెటకారం చేసేవాళ్ళు ఈ ముక్క దగ్గర ఎందుకో ఆగరు.

అయితే కణం మరీ అంత అమాయకం కాదు. 2003లో జర్మనీలో కై రోట్‌కామ్, మార్కస్ లోబ్రిష్ అనే పరిశోధకులు విడిపోకుండా ఆపి ఉంచిన మనిషి కణాలకి 1.2 మిల్లీగ్రేలు ఇచ్చి చూశారు. పెద్ద మోతాదులో కోతలు గంటల్లో మానితే, ఇంత చిన్న మోతాదులో పడినవి రోజుల తరబడి అలాగే ఉండిపోయాయి. ఆ కణాల్ని విడిపోనిస్తే మాత్రం కోతలున్న కణాలు గుంపులోంచి జారుకుని, లెక్క మళ్ళీ మామూలుకొచ్చింది. బాగుచేసుకోవడం కంటే దెబ్బతిన్న కణాన్ని వదిలించుకోవడమే కొన్నిసార్లు మేలని ఒళ్ళు అనుకుంటుందేమో. తప్పు అతుకు కంటే చావు శుభ్రమైన పరిష్కారం, పీ53 ప్రోటీను లాంటి కాపలాదార్లు ఉన్నదే అందుకు.

"కాస్త తగిలితే మంచిదే" అనే వాళ్ళకి కూడా ఒక గట్టి ఆధారం ఉంది, దాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. 1984లో ఒలివియేరి, వుల్ఫ్ బృందం మనిషి రక్తకణాలకి ముందు చాలా కొద్దిపాటి రేడియేషన్ రుచి చూపించి, తర్వాత పెద్ద మోతాదు ఎక్స్-రే ఇచ్చింది. క్రోమోజోములు అనుకున్న దానికంటే తక్కువగా చెడ్డాయి. చిన్న దెబ్బ మరమ్మతు వ్యవస్థని నిద్రలేపిందన్నమాట. కానీ ఆ మెలకువ కొద్దిసేపటిదే, అందరి రక్తంలోనూ కనిపించలేదు కూడా. దాన్ని పట్టుకుని రేడియేషన్ టానిక్ అనడం, నిన్న దొంగ పడ్డాడు కాబట్టి ఈ రాత్రి మెలకువగా ఉన్నాం, దొంగలు ఇంటికి మంచిది అన్నట్టుంటుంది.

దీనికి అటువైపు మొగ్గే ఫలితాలూ ఉన్నాయి. 1992లో ఎలుక ఎముక మజ్జ మూలకణాలకి ఆల్ఫా రేడియేషన్ (బరువైన రేణువుల రూపంలో వచ్చేది) తగిలిస్తే, అప్పటికి బాగానే ఉన్నట్టు కనిపించిన కణాల సంతానంలో, ఎన్నో విభజనల తర్వాత, కొత్త కొత్త క్రోమోజోము తప్పులు పుట్టుకొచ్చాయి. అదే ఏడాది ఇంకో ప్రయోగంలో, నూటికి ఒక్క కణానికి కూడా ఆల్ఫా తగలకపోయినా, సుమారు ముప్పై శాతం కణాల్లో మార్పులు కనిపించాయి. దెబ్బతిన్న కణం పక్కవాళ్ళకి ఏదో కబురు పంపిందని అర్థం. ల్యాబు గిన్నెలో జరిగేది మనిషి ఒంట్లో అచ్చంగా అలాగే జరుగుతుందని నేను అనను. కానీ "అతికింది, అయిపోయింది" అనే ధీమాకి మాత్రం ఇవి అడ్డు.

ఇక మనుషుల లెక్కలు. హిరోషిమా, నాగసాకి వాళ్ళలో ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్, మొదటి పదేళ్ళలోనే ఉప్పెనలా వచ్చి తగ్గింది. గడ్డల రూపంలో వచ్చే క్యాన్సర్లు దశాబ్దాల తర్వాత మొదలై ఆగలేదు. ముప్పయ్యో ఏట ఒక గ్రే తగిలినవాళ్ళకి డెబ్బయ్యేళ్ళ వయసులో ఆ క్యాన్సర్లతో చనిపోయే ప్రమాదం సుమారు 42 శాతం ఎక్కువ. అది ఒక్క క్షణంలో తగిలిన మోతాదు. మెల్లగా, ఏళ్ళ తరబడి తగిలితే మరమ్మతుకి టైము దొరుకుతుంది కాబట్టి ప్రమాదం సగమే ఉంటుందని చాలాకాలం లెక్క వేసుకున్నారు. 2023లో ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికా అణు కార్మికులు 3,09,932 మంది మీద చేసిన పరిశీలన ఫలితం చూసి నాకు కొంచెం టెన్షనే వచ్చింది: గ్రేకి 52 శాతం. తగ్గలేదు. సగటు కార్మికుడికి పోగైంది 20 మిల్లీగ్రేల చుట్టుపక్కలే కాబట్టి ఆ మనిషికి పెరిగిన ప్రమాదం ఒక శాతం దగ్గరే, కంగారు పడేంత కాదు. కానీ మెల్లగా తగిలితే అంతా మానిపోతుందన్న నమ్మకానికి ఇది దెబ్బే. మరోపక్క కేరళలో కరునాగపళ్ళి తీరం ఉంది. మోనజైట్ ఇసుకలోని థోరియం వల్ల అక్కడి నేల రేడియేషన్ ఎక్కువ. 2009లో వెలువడిన ఫలితాల్లో, సుమారు 70 వేల మందిని పదేళ్ళకు పైగా గమనించినా, నేల రేడియేషన్ వల్ల క్యాన్సర్ పెరిగినట్టు తేలలేదు. ఈ రెంటిలో నచ్చినదాన్ని మాత్రమే చూపించేవాళ్ళని నేను నమ్మడం మానేశాను.

నా వాదనకి దగ్గరగా వచ్చే సాక్ష్యం చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రానిది. 1986 ప్రమాదంలో గాల్లోకి లేచిన రేడియోధార్మిక అయోడిన్-131 పిల్లల థైరాయిడ్‌లో చేరింది. తర్వాతి ఏళ్ళలో థైరాయిడ్ క్యాన్సర్లు పెరిగాయి. 2021లో ఆ గడ్డల డీఎన్ఏని మొత్తంగా చదివారు. మోతాదు ఎక్కువయ్యే కొద్దీ గడ్డల్లో పెరిగినవి అక్షర దోషాలు కావు. జంట కోతల్ని కొస కొసకి ముడేసే రెండో దారిలో తప్పుగా పడిన అతుకులు. రెండు వేర్వేరు జన్యువులు ఒకదానికొకటి అంటుకుని, ఆపకుండా "పెరుగు, పెరుగు" అని అరిచే కొత్త జన్యువు అయిపోయింది. మరీ చిన్న వయసులో తగిలిన పిల్లల్లో ఇది ఇంకా స్పష్టంగా కనిపించింది. అంటే ఆ క్యాన్సర్ మానని గాయంలోంచి రాలేదు. కణం తన పని తను చేసిన చోటి నుంచి వచ్చింది.

ఆ పరిశీలనలోనే ఇంకో సంగతి ఉంది. రేడియేషన్ తనకంటూ ప్రత్యేకమైన వేలిముద్ర వదలలేదు. వందలాది గడ్డల్ని పక్కపక్కన పెడితే మోతాదుతో పెరిగే తీరు తెలుస్తుంది గానీ, ఒక్క గడ్డని చేతిలో పెట్టి ఇది రేడియేషన్ వల్ల వచ్చిందా అంటే ఎవరూ చెప్పలేరు. నష్టపరిహారం కోసం కోర్టులకెక్కే కార్మికుడికి ఇది ఎంత పెద్ద అన్యాయమో ఊహించుకోండి. "నీ గడ్డ దానివల్లే వచ్చిందని నిరూపించు" అనడం, నిరూపణ వీలుకాదని తెలిసీ అడగడమే. అలాంటి చోట్ల మోతాదు చూసి, సంభావ్యతని బట్టి పరిహారం ఇవ్వడం తప్ప న్యాయమైన దారి నాకు కనిపించదు.

రేడియేషన్ తగిలినవాళ్ళకి తర్వాత పుట్టే పిల్లల సంగతి అడుగుతారు, అది త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అక్కడ ఉన్నది మంచివార్త. బాంబు నుంచి బతికినవాళ్ళ పిల్లలు సుమారు 77 వేల మందిని దశాబ్దాలుగా గమనిస్తున్నారు. చెర్నోబిల్ తల్లిదండ్రులకి తర్వాత పుట్టిన 130 మంది డీఎన్ఏని 2021లోనే చదివారు. కొత్త మ్యుటేషన్లు (డీఎన్ఏ రాతలో మార్పులు) మామూలు కంటే ఎక్కువ కనిపించలేదు. రేడియేషన్ తగిలినవాళ్ళని పెళ్ళి సంబంధాల్లో పక్కన పెట్టడానికి సైన్సుని సాకుగా వాడినవాళ్ళు సిగ్గుపడాల్సిన ఫలితమిది.

మరి స్కాన్ తీయించుకోవాలా వద్దా? డాక్టర్ కారణం చెప్పగలిగితే తీయించుకోవాలి. 2023లో దాదాపు పది లక్షల మంది పిల్లలు, యువకుల మీద యూరప్‌లో చేసిన పరిశీలన ప్రకారం, సుమారు 8 మిల్లీగ్రేల మోతాదుతో సీటీ తీసిన పదివేల మంది పిల్లల్లో, తర్వాతి 12 ఏళ్ళలో ఒకరికో ఇద్దరికో ఆ స్కాన్ వల్ల రక్త క్యాన్సర్ రావచ్చు. తలకి దెబ్బ తగిలి వాంతులవుతున్న పిల్లవాడికి ఈ లెక్క చూసి స్కాన్ వద్దనడం మూర్ఖత్వం. "ఎందుకైనా మంచిది, ఒకటి తీసేద్దాం" అనడం కూడా నా దృష్టిలో అంతే. పోయిన ఏడాది ఒకచోట నాకూ అలాగే, పాత స్కాన్ సీడీ చేతిలో ఉండగానే, ఇంకోటి రాశారు. పాతది చూడమని రెండుసార్లు అడిగితే చూశారు, కొత్తది అక్కర్లేదన్నారు.

అమ్మకి ఇవన్నీ చెప్పలేదు, ఒక్క ముక్క తప్ప. చివరి సిట్టింగు రోజు ఒక కాగితం ఇచ్చారు: ఎక్కడ, ఎన్ని గ్రేలు, ఎన్ని విడతలు, ఏ తేదీలు. ఆవిడ దాన్ని మందుల చీటీలతో కలిపి పారెయ్యబోయింది. ఆపాను.

"అయిపోయిందిగా, ఇంకెందుకురా?"

"మళ్ళీ ఎప్పుడైనా అదే చోట ఇవ్వాల్సొస్తే ఎంత ఇవ్వచ్చో దీన్ని చూసే లెక్క కడతారమ్మా. మిషన్‌కి గుర్తుండదు."

"మరి ఏమీ మిగలదన్నావు?"

కాగితం మడిచి, తనే ఫైలులో అన్నిటికంటే పైన పెట్టింది.